మా బావ మిగుల్చుకున్న రోజులు

మా చిన్నక్క భర్త, అంటే మా బావ, పెళ్ళికి పిలిస్తే పెళ్ళివాళ్ళ కంటే ముందే చేరే రకం. ఒకసారి హాల్లో ఇంకా కుర్చీలు వేస్తుండగానే వెళ్ళి, ఖాళీగా నిలబడితే బాగుండదని ఆ పనివాళ్ళతో కలిసి తనూ కుర్చీలు వేశాడు. సినిమాకి తీసుకెళ్తే ముందు ఆట జనం బయటికి వచ్చేదాకా మమ్మల్ని గేటు దగ్గర నిలబెట్టేవాడు. వాళ్ళ ముఖాలు చూసి సినిమా ఎలా ఉందో చెప్పేసేవాడు. ఇక మేం లోపలికి వెళ్ళి చూడాల్సింది పెద్దగా మిగిలేది కాదు. నేనెంత ఆటపట్టించినా చెవినేసుకునేవాడు కాదు. "ముందొస్తే పోయేదేముందిరా, కాసేపు కూర్చుంటాం" అనేవాడు. బావమరిదిగా నా బతుకులో చాలా భాగం అలా ఆయన పక్కన కూర్చోవడంలోనే గడిచింది.

బావ సిటీ బస్సుల ఆఫీసులో టైంటేబుళ్ళు వేసే విభాగంలో పనిచేసేవాడు. ఆ వీధి చివర నాకు కళ్ళజోళ్ళ షాపు ఉంది. మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు వెళ్ళి ఆయన గదిలో కూర్చునేవాణ్ణి. కిటికీ కింద బస్సులు కడిగే చోటు కావడంతో గదిలో ఎప్పుడూ డీజిలూ సబ్బూ కలిసిన వాసన. గది పొడవునా బల్ల, బల్ల పొడవునా గళ్ళ కాగితం. కాగితం పై అంచున గంటలు, పక్కన స్టాపుల పేర్లు. ఒక్కో బస్సుకి ఒక్కో రంగు గీత. బస్సు నడిచినంతసేపూ గీత ఏటవాలుగా దిగుతుంది. చివరి స్టాపులో ఆగినప్పుడు కాసేపు అడ్డంగా సాగి, మళ్ళీ పైకెక్కుతుంది. కంప్యూటర్లు వచ్చాక ఆ పని అవే చేస్తున్నా, బావ మాత్రం కాగితం మీద గీసుకోనిదే నమ్మేవాడు కాదు.

ఆ అడ్డగీతల దగ్గరే ఆయనకీ పై అధికారికీ పేచీ. అధికారి వాటిని కత్తిరించమనేవాడు. నిలబడ్డ బస్సు ఎవరికీ పనికిరాని బస్సని ఆయన వాదన. బావ బుద్ధిగా తల ఊపి, ఒక చోట కత్తిరించిన ముక్కని ఇంకో చోట అతికించేవాడు. "దారిలో ఏదో ఒకటి అవుతుంది సార్. ఎవరో ముసలావిడ మెల్లగా ఎక్కుతుంది. డ్రైవరుకి కడుపునొప్పి వస్తుంది. కాస్త వెసులుబాటు ఉండాలి కదండీ" అనేవాడు. డ్రైవర్లు ఆయనకి వెసులుబాటు సారని పేరు పెట్టారు. చివరి స్టాపులో టీ తాగేటప్పుడు ఆయన్ని తలుచుకునేవారట. అధికారులు తలుచుకునే తీరు వేరు. అందుకే ఆయనకి ప్రమోషన్లు కూడా నింపాదిగానే వచ్చాయి.

పుట్టుకతో ఆయన ఇలాంటివాడు కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన గీతలు కత్తిలా ఉండేవి. అడ్డగీత అన్నదే కనిపించేది కాదు. ఇంటికొచ్చిన చుట్టాలకి ఇక్కడ దిగండి, అక్కడ ఎక్కండి, కాలు నేల మీద ఆనేలోపు రెండో బండి వస్తుంది అని రైళ్ళూ బస్సులూ నోటితోనే కలిపి చెప్పేవాడు. వాళ్ళు నోరు వెళ్ళబెట్టి వినేవారు. నేనప్పుడు చదువుకుంటున్నాను. ఇలాంటి బావ దొరికినందుకు స్నేహితుల దగ్గర గొప్పలు పోయేవాణ్ణి.

ఆ రోజుల్లోనే మా అమ్మ పోయింది. మా పెద్దక్క అప్పుడు వేరే ఊళ్ళో ఉద్యోగం చేస్తోంది. ఫోన్ చేసి కబురు చెప్పింది బావే. ఏ బండి ఎక్కాలో, ఏ జంక్షన్లో మారాలో కూడా అప్పుడే చెప్పాడు. మారడానికి వ్యవధి తక్కువే గానీ బండి దొరుకుతుంది, సాయంత్రానికల్లా ఇంట్లో ఉంటారు వదినా అన్నాడు. సాయంత్రమైంది. చీకటి పడబోతోంది. పెద్దక్క రాలేదు. ఇంక ఆపలేమని పెద్దవాళ్ళు అమ్మని తీసుకెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున, అంతా అయిపోయాక, పెద్దక్క గుమ్మంలోకి వచ్చింది. "జంక్షన్లో బండి తప్పిందా అమ్మా?" అని ఎవరో అడిగారు. ఆమె నోరు విప్పేలోపే చిన్నక్క తిరిగి బావ మీద విరుచుకుపడింది. "మీరూ మీ లెక్కలూ! పొద్దున్న బండి ఎక్కమని చెప్తే మీ సొమ్మేం పోయింది? కడసారి అమ్మ ముఖం చూసుకోలేకపోయింది" అంది, ఇంటినిండా జనం ఉండగా. బావ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. తర్వాత ఆఫీసుకి వెళ్ళి తన గీతలన్నీ మళ్ళీ మొదట్నుంచి గీశాడు.

అప్పట్నుంచి ఆయనకీ పెద్దక్కకీ మాటల్లేవు. పోట్లాడుకున్నదీ లేదు. కొన్నాళ్ళకి పెద్దక్కకి యూరప్‌లో ఒక చిన్న ఊళ్ళో, ఆస్పత్రి బట్టలు ఉతికే లాండ్రీలో ఉద్యోగం దొరికింది. వెళ్ళిపోయింది. పెళ్ళి చేసుకోలేదు, తిరిగి రాలేదు. చిన్నక్కతో ఫోన్లో గంటలకొద్దీ మాట్లాడేది. ఫోన్ బావ ఎత్తితే మాత్రం "చెల్లికివ్వండి" అనేది. "ఇస్తున్నా వదినా" అనేవాడు ఆయన. ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నది అంతే. ఒక రైలు కోసం మనుషులు జీవితమంతా ముఖాలు చాటేసుకుంటారా అని నాకు ఒళ్ళు మండేది. ఆ మాటే చిన్నక్కతో అంటే "నువ్వు నోరు మూసుకో" అనేది.

బావ రిటైరయ్యాక చిన్నక్క యూరప్ చూద్దామంది. బావ వెంటనే సరేనన్నాడు. వెళ్ళాల్సిన ఊళ్ళన్నీ కాగితం మీద వేశాడు, ఒక్క పెద్దక్క ఊరు తప్ప. చిన్నక్క ఆ కాగితం చూసి, బాగుందని తిరిగి ఇచ్చేసింది. అక్కని చూడాలని నా దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకునే మనిషి అంత తేలిగ్గా ఊరుకోవడం నాకు వింతగా తోచింది. నన్నెందుకు రమ్మంటున్నారని బావని అడిగాను. "ఎవరికైనా జబ్బు చేస్తే మోయడానికి ఒకడుండాలి కదరా" అన్నాడు. అంటే నేనూ వెసులుబాటులో భాగమే అన్నమాట.

బావ ప్రయాణం వేసిన తీరు కూడా ఆయన గీతల్లాగే ఉంది. ప్రతి ఊరికీ కావలసినన్ని రోజులు ఇచ్చాడు. ఎక్కడైనా బండి తప్పినా, జ్వరం వచ్చినా, పాస్‌పోర్టు పోయినా సర్దుకోడానికి మరికొన్ని రోజులు విడిగా తీసి, అన్నీ పోగుచేసి తిరుగు విమానానికి ముందు పెట్టాడు. ఆ రోజులకి ఊరు లేదు, హోటలు లేదు. అవి కష్టాలకి కేటాయించిన రోజులు.

తీరా చూస్తే ఒక్క కష్టమూ రాలేదు. ఊళ్ళ పేర్లు మాకు నోరు తిరక్క కాలవల ఊరు, గంటల ఊరు, మెట్ల ఊరు అని సొంత పేర్లు పెట్టుకున్నాం. కాలవల ఊళ్ళో గొడుగులు మోసుకుని తిరిగితే ఎండ కాసింది. స్టేషన్లకి పెందలాడే వెళ్ళి బెంచీల మీద కూర్చుంటే బండ్లు టైముకి వచ్చాయి. గంటల ఊళ్ళో చిన్నక్క బ్యాగు బస్సులో మరిచిపోయింది. హమ్మయ్య, ఇప్పుడైనా ఏదో అయిందనుకున్నాడేమో, బావ ముఖం కాస్త వెలిగింది. మేం ఆ స్టాపులోంచి కదలకముందే ఎవరో ఒకావిడ పరిగెత్తుకొచ్చి బ్యాగు చేతిలో పెట్టి వెళ్ళింది. జనం మెడలు పట్టేసేలా చర్చి పైకప్పు బొమ్మలు చూస్తుంటే, బావ బయట నిలబడి బస్సులు చూసేవాడు. "వీళ్ళ డ్రైవర్లు ఎప్పుడు టీ తాగుతారో పాపం" అనేవాడు. రోజులు గడిచేకొద్దీ, ఏమీ జరక్కపోయేకొద్దీ, ఆయనలో దిగులు ఎక్కువవుతూ వచ్చింది.

చివరిది మెట్ల ఊరు. మా గది హోటల్లో అన్నిటికంటే పై అంతస్తులో, ఏటవాలు కప్పు కింద. మూల ముఖం కడుక్కునే బేసిన్ దగ్గర నిలబడితే బావ తల కప్పుకి తగిలేది. ఆ పొద్దున కింద బ్రెడ్డూ కాఫీ కానిచ్చి పైకొచ్చాక, బావ మంచం మీద మ్యాపు పరిచాడు.

"రోజులు మిగిలాయి" అన్నాడు, ఏదో తప్పు చేసినవాడిలా.

"మిగిలితే మంచిదేగా బావా. సముద్రం ఉన్న ఊరికి పోదాం. నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటాను. ఇన్నాళ్ళూ మీతో స్టేషన్ బెంచీలు అరగదీసినందుకు అదైనా దక్కనివ్వండి."

"సముద్రం దూరం. వచ్చేటప్పుడు బండి తప్పిందనుకో, విమానం పోతుంది."

"పోనీ కొండలు."

"కొండల్లో మంచు పడితే దారులు మూసేస్తారట."

"ఎండాకాలం బావా ఇది!"

"కొండకేం తెలుసురా ఏ కాలమో" అన్నాడు. మ్యాపు మీద తిరిగి తిరిగి ఆయన వేలు విమానాశ్రయం పక్కనున్న చుక్క దగ్గర ఆగింది. "ఇక్కడ ఉందాం. హాయిగా నడిచి విమానం ఎక్కొచ్చు. గదిలోంచి విమానాలు కూడా కనిపిస్తాయి."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చిన్నక్క అప్పటిదాకా కిటికీ దగ్గర తడి జుట్టు ఆరబెట్టుకుంటూ, ఎదురింట్లో ఎవరో పూలకుండీలకి నీళ్ళు పోస్తుంటే చూస్తోంది. ఇటు తిరక్కుండానే అంది.

"అక్క దగ్గరికి వెళ్దాం."

బావ వేలు ఆ చుక్క మీదే ఉండిపోయింది. "ఆవిడకి ఇప్పటికిప్పుడు వీలు కావద్దూ" అన్నాడు.

"వీలవుతుంది. సెలవు పెట్టింది."

"ఎప్పుడు పెట్టింది?"

"మనం బయల్దేరకముందే. చివర్లో వస్తామని చెప్పాను."

"చివర్లో రోజులు మిగుల్తాయని నీకెలా తెలుసు? మధ్యలో ఏదైనా జరిగుంటే?"

"ఇన్నేళ్ళు మీతో కాపురం చేశాను, ఆమాత్రం తెలీదా? మీకు మిగలకుండా ఎలా ఉంటాయి?" అంది చిన్నక్క. ఇటు తిరిగింది. "మీరున్న చోట ఏమీ జరగదండీ. జరగాల్సింది ఒక్కసారే జరిగింది."

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సిందని అన్నాక తెలిసినట్టుంది, పెదవి కొరుక్కుంది. ఆ కాగితం చూసి ఆవిడ ఎందుకు నోరెత్తలేదో నాకప్పుడు బోధపడింది. ఆయన కష్టాల కోసం దాచిన రోజుల్ని ఆవిడ అక్క కోసం ఎప్పుడో వాడేసుకుంది.

బావ మ్యాపు మడిచాడు. "మీరిద్దరూ వెళ్ళి రండి. నేను విమానం దగ్గరుంటాను."

"మిమ్మల్ని తీసుకురమ్మంది. ఫోన్ చేసిన ప్రతిసారీ అదే మాట. ఆయన్ని తీసుకురావే, ఒక్కసారి తీసుకురావే అని. దానికి మోకాళ్ళు అరిగిపోయాయి, అంతదూరం అది రాలేదు. మనం మళ్ళీ ఇంత దూరం వస్తామా? ఇప్పుడు కాకపోతే ఇంక లేదు."

"ఏ ముఖం పెట్టుకుని రమ్మంటావు నన్ను?" అన్నాడు బావ. ఆయన గొంతు పెంచడం నేను అప్పుడే విన్నాను. "తల్లిని చూసుకోనివ్వకుండా చేశాను. ఆవిడ ఇంట్లో ఎలా కూర్చోను? ఆవిడ పెట్టిన తిండి ఎలా తినను?"

పోనిద్దురూ, పాత సంగతి అని చిన్నక్క ఒక్క మాట అంటే సరిపోయేది, అనకపోవడం నాకు కష్టంగా తోచింది. ఆవిడ జుట్టు ముడేసుకుని బట్టలు సర్దడం మొదలుపెట్టింది.

మర్నాడు ముగ్గురం స్టేషన్‌కి వెళ్ళాం. బావది వేరే బండి, అది మా బండి కంటే చాలా ఆలస్యం, అయినా మాతోపాటే వచ్చాడు. చిన్నక్క తనే కిటికీ దగ్గరికి వెళ్ళి మా ఇద్దరికీ టికెట్లు తెచ్చింది. బావ అలవాటు కొద్దీ ఆ టికెట్టు తీసుకుని చూశాడు. ఆయన ముఖం పాలిపోయింది.

"మధ్యలో మారాలి. మారడానికి ఇంతేనా వ్యవధి?"

"సరిపోతుందట. టికెట్లిచ్చే అమ్మాయి చెప్పింది."

"ఆ అమ్మాయికేం, అద్దం వెనక కూర్చుని చెప్తుంది. మొదటి బండి కాస్త అటూ ఇటూ అయితే? ప్లాట్‌ఫామ్ ఎక్కడో దూరంగా ఉంటే? తర్వాత బండికి మార్పించు."

"మీకెందుకండీ? మీరు రావడం లేదుగా" అంది చిన్నక్క.

ఆ టికెట్టు కావాలనే కొందో, తెలియక కొందో నాకు ఇప్పటికీ తెలియదు. అడిగితే నవ్వుతుంది. బండి వచ్చింది. మేం ఎక్కాం. బావ ప్లాట్‌ఫామ్ మీద అటు రెండడుగులు ఇటు రెండడుగులు వేసి, ఉండబట్టలేక సూట్‌కేసుతో సహా ఎక్కేశాడు. "ఆ జంక్షన్ దాకా వస్తాను. మిమ్మల్ని అక్కడ రెండో బండి ఎక్కించి వెనక్కి పోతాను. మీ ఇద్దరికీ తెలిసి చావదు" అన్నాడు. దారి పొడవునా ఆయన తలుపు దగ్గరే నిలబడ్డాడు. కిటికీలో పొలాలు, నది, గోదాములు వెళ్ళిపోతున్నాయి. ఆయన చూపంతా వాచీ మీదే.

జంక్షన్లో దిగేసరికి రెండో బండి ఎదురుగానే నిలబడి ఉంది. అదే ప్లాట్‌ఫామ్‌కి అటు పక్క. నడుచుకుంటూ వెళ్ళి ఎక్కేశాం. బావ మా సామాను లోపలికి అందించి కింద నిలబడిపోయాడు. ఆ బండినీ, మేం దిగిన బండినీ, మధ్యనున్న ఆ నాలుగడుగుల సిమెంటు నేలనీ మార్చి మార్చి చూశాడు. "ఇక్కడ బండి దొరికింది" అన్నాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. విజిల్ వేశారు. చిన్నక్క తలుపులోంచి చెయ్యి చాపి ఆయన చొక్కా పట్టుకుంది. తలుపులు మూసుకునే ముందు ఆయన పైకి వచ్చాడు. రావాలని వచ్చాడో, చొక్కా చిరుగుతుందని వచ్చాడో ఆయనకే తెలియాలి.

పెద్దక్క స్టేషన్‌లో కర్ర ఊతంతో నిలబడి ఉంది. జుట్టు మొత్తం తెల్లబడింది. అక్కచెల్లెళ్ళు ఒకరినొకరు పట్టుకుని చాలాసేపు వదల్లేదు. దారిన పోయేవాళ్ళు పక్కకి తప్పుకుని వెళ్ళారు. నన్ను చూసి "ఎంతటివాడివైపోయావురా" అని నా బట్టతల నిమిరింది. తర్వాత బావ వైపు తిరిగింది.

"బాగున్నారా మరిదిగారూ?"

"బాగున్నాను వదినా. రేపు మధ్యాహ్నం బండికి వెళ్ళిపోతాం. విమానం దగ్గర ఉండాలి కదా, అందుకని."

కాలు పెట్టీ పెట్టగానే వెళ్ళే సంగతి చెప్పేసిన ఆ మనిషిని నెత్తిన ఒకటి మొట్టాలనిపించింది. చిన్నక్క ముఖం మాడిపోయింది. పెద్దక్క మాత్రం "అలాగే. మీ వీలు" అంది.

ఆవిడ ఇల్లు సైకిళ్ళు బాగుచేసే షాపు పైన. రెండు గదులు, సన్నటి వంటిల్లు, వెనక మెట్లు దిగితే అందరికీ కలిపి ఒక పెరడు. ఇల్లంతా సబ్బు వాసన. అలమరాలో తువ్వాళ్ళు అంచులు కలిపి పేర్చి ఉన్నాయి. మాకోసం పక్కింటివాళ్ళ దగ్గర రెండు మడత మంచాలు అడిగి తెచ్చింది. సూపు పెట్టింది, రొట్టె కోసింది. బావ తలొంచుకుని తిన్నాడు. ఇంకాస్త వేసుకోమంటే చాలు వదినా అన్నాడు. ఉప్పు సరిపోయిందా అంటే సరిపోయింది వదినా అన్నాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా ఒక పూట భోజనం ముగించారు. మధ్యలో నేనూ చిన్నక్కా వాగిన వాగుడుకి మాకే విసుగొచ్చింది.

మర్నాడు పొద్దున చిన్నక్క ముభావంగా సామాను సర్దుతోంది. పెద్దక్క పెరట్లో తాడు మీద ఆరిన దుప్పట్లు తీస్తోంది. నేను మెట్ల మీద కూర్చుని క్లిప్పులు సంచిలో వేస్తున్నాను. "చెల్లీ, ఒకసారి రావే, ఒక చెయ్యి వెయ్యి" అని పెద్దక్క పైకి కేకేసింది. చిన్నక్క పలకలేదు. కాసేపటికి బావ దిగి వచ్చాడు.

"ఏం చెయ్యాలి వదినా?"

"అటు కొసలు పట్టుకోండి. గట్టిగా లాగండి, ముడతలు పోవాలి."

ఆయన పట్టుకున్నాడు. లాండ్రీలో మడతలు పెట్టడానికి మిషన్లున్నాయట గానీ, ఇంట్లో పెద్ద దుప్పటికి ఇద్దరు మనుషులు కావాలి. సగానికి మడిచి, మళ్ళీ సగానికి మడిచి, చెరో వైపు నుంచి నడిచి దగ్గరికొచ్చారు. పెద్దక్క ఆయన చేతిలోని కొసలు అందుకుంది. అందుకుని వెనక్కి వెళ్ళలేదు.

"ఆ రోజు బండి తప్పలేదు" అంది.

"ఏ బండి?"

"అమ్మ పోయినప్పటి బండి. జంక్షన్లో అది నిలబడే ఉంది. నేను దాని ముందే ఉన్నాను."

నా చేతిలో క్లిప్పు చేతిలోనే ఉండిపోయింది.

"మీరు ఫోన్లో చెప్పినప్పుడు నాకు ఏడుపు రాలేదు. మొదటి బండిలో కిటికీ పక్కన కూర్చుని వచ్చాను. జంక్షన్లో వంతెన దిగాను. రెండో బండి తలుపు ముందు నిలబడ్డాక తెలిసింది, ఇది ఎక్కితే అమ్మని అలా పడుకోబెట్టి ఉండగా చూడాలి. కాళ్ళు రాలేదు. లోపల్నుంచి ఎవరో పెద్దాయన చెయ్యి కూడా అందించాడు, ఎక్కమ్మా, కదిలిపోతోంది అని. నేను వద్దని తల ఊపాను. బండి వెళ్ళిపోయాక ఏడ్చాను. రాత్రంతా ఆ బెంచీ మీదే ఉన్నాను."

"వంతెన దిగేసరికి బండి ఉందా?" అన్నాడు బావ.

"ఉంది. దిగి, కుళాయి దగ్గర నీళ్ళు కూడా తాగాను."

"నీళ్ళు తాగేంత టైముందన్నమాట" అన్నాడు. ఆ మాట ఆవిడతో అన్నట్టు లేదు.

"ఇంటికొచ్చి చెప్పేద్దామనే అనుకున్నాను. గుమ్మంలో ఉండగానే చెల్లి మిమ్మల్ని అనేసింది. అందరూ నమ్మేశారు. కాదనాలంటే, అమ్మని చూడ్డానికి నేనే రాలేదని అంతమంది ముందు చెప్పుకోవాలి. నోరు పెగల్లేదు. రేపు చెబుదాం, వచ్చే నెల చెబుదాం అనుకుంటూ ఇంతదూరం వచ్చేశాను. ఫోన్లో మీ గొంతు వినబడితే చాలు, చెల్లికివ్వండి అనేసేదాన్ని. ఫోన్లో చెప్పే మాట కాదు మరిదిగారూ. అందుకే మిమ్మల్ని తీసుకురమ్మని దాన్ని పోరాను."

మెట్ల పైన అలికిడైంది. తిరిగి చూస్తే చిన్నక్క సూట్‌కేసు పట్టుకుని నిలబడి ఉంది. ఎప్పటినుంచి ఉందో తెలియదు గానీ, వినాల్సిందంతా విందని ముఖమే చెప్తోంది. నా పక్కనుంచి దిగి వచ్చింది.

"ఇన్నేళ్ళు రోజూ మాట్లాడావు నాతో" అంది అక్కతో. "వంటల గురించి చెప్పావు, మోకాళ్ళ గురించి చెప్పావు. ఇది చెప్పలేదు. ఆయన ముఖం చూసినప్పుడల్లా నాకు ఆ రోజే గుర్తొచ్చేది. పైకి మళ్ళీ అనలేదు గానీ ఒక్కనాడూ మనసులో క్షమించలేదు. పక్కన పడుకున్న మనిషిని, ఒక్కనాడూ!"

"నాకు తెలుసులే" అన్నాడు బావ మెల్లిగా.

నాకు పెద్దక్క మీద పట్టరాని కోపం వచ్చింది. కర్ర పక్కన పడేసి, దుప్పటిని గుండెకి ఆనించుకుని నిలబడ్డ ఆ ముసలి మనిషిని చూస్తే జాలి కూడా వేసింది. ఏది ముందు పడాలో తెలియక మెట్ల మీదే కూర్చున్నాను.

"పదండి" అంది చిన్నక్క భర్తతో, కళ్ళు తుడుచుకుంటూ. "మధ్యాహ్నం దాకా ఎందుకు, ఇప్పుడే వెళ్ళిపోదాం. మీరన్నట్టు విమానం దగ్గరే ఉందాం. నేనిక్కడ ఒక్క క్షణం ఉండలేను."

బావ ఆవిడ చేతిలోంచి సూట్‌కేసు తీసుకున్నాడు. తీసుకెళ్ళి గోడ పక్కన ఆనించి వచ్చాడు.

"విమానం ఎక్కే రోజు దాకా ఇక్కడే ఉందాం" అన్నాడు.

"ఇక్కడా? ఇంత విన్నాక కూడానా?"

"ఆ రోజు పొద్దున్న బయల్దేరితే సరిపోతుంది. బండ్లున్నాయి."

మా బావ నోటి నుంచి సరిపోతుంది అన్న మాట విని ఎన్నేళ్ళయిందో. చిన్నక్క ఆయన్ని కొత్త మనిషిని చూసినట్టు చూసింది. పెద్దక్క దుప్పటి మీద గడ్డం ఆనించి ఏడుస్తోంది.

"ఇంత మంచితనం వద్దు మరిదిగారూ. నేను భరించలేను. ఒక్క మాటైనా అనండి నన్ను. తిట్టండి."

"తిడతాను వదినా" అన్నాడు బావ. "మంచితనమేం కాదిది. తిట్టడానికి చాలా ఉంది. ఒక్క పూటలో అయ్యేది కాదు, అందుకే ఉంటానంటున్నాను."

తాడు దగ్గరికి వెళ్ళి ఇంకో దుప్పటి లాగి, రెండు కొసలు తను పట్టుకుని, మిగతా రెండూ ఆవిడకి అందించాడు.